కనకాలపేట తెలుగు ఎవరి లెక్కలోది?
భాషాపరిశోధనలో జవాబు చెప్పినవారి చరిత్ర

తెలుగు భాషాపరిశోధన చరిత్రను మనం ఇంతవరకు ప్రశ్నలు అడిగినవారి చరిత్రగానే చదువుకున్నాం. బ్రౌను నిఘంటువు, గ్రియర్సన్ సర్వే, గిడుగు సవర కోశం, భద్రిరాజు మాండలిక వృత్తిపదకోశం అంటాం. ఆ పుస్తకాల్లోని మాట ఎవరి నోట విన్నదో, ఫలానా వాక్యం సహజంగా ఉందని చెప్పిన మనిషి ఎవరో పట్టించుకోం. ఇప్పుడు ఆ రెండో మనిషి స్థానంలోకి మనమే వస్తున్నాం. వయోజనులు భాషను ఎలా అర్థం చేసుకుంటారు అన్న విషయం మీద ఆన్‌లైన్‌లో అధ్యయనాలు జరుగుతున్నాయి. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుకునే విద్యార్థులకు కూడా అటువంటి వాటిలో పాల్గొనే అవకాశాలు వస్తున్నాయి. కాబట్టి జవాబు చెప్పినవారి వైపు నుంచి ఈ చరిత్రను ఒకసారి తిరగవేయడం అవసరం. అందుకు నేను ఎంచుకున్న ఊరు యానాం దగ్గరి కనకాలపేట. ఎంచుకోవడానికి కారణం ఒక చిన్న సంఘటన.

ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి

కనకాలపేటలో ఉంటున్న మా మేనత్తగారిని చూడడానికి వెళ్ళినప్పుడు, నాకు వచ్చిన అటువంటి పిలుపు ఒకదాన్ని ఆమెకు చూపించాను. ఆమె పెద్దగా చదువుకోలేదు కాని పత్రిక ప్రతిరోజూ చదువుతుంది. ఫోను ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. మొదటి పేజీలో వయసు, చదువు, రాష్ట్రం అడిగారు. రాష్ట్రాల పట్టికలో పుదుచ్చేరి ఉంది. ఉన్నమాటే కదా అని అది నొక్కింది. తరవాతి పేజీ తమిళంలో తెరుచుకుంది.

"ఇదేంట్రా అబ్బాయ్, అరవం వచ్చిందీ?" అంది.

"పుదుచ్చేరి అని పెట్టావు కదత్తా, అందుకని అలా వచ్చినట్టుంది."

"మరి మనది పుదుచ్చేరే కదరా?"

నా దగ్గర సమాధానం లేదు. వెనక్కి వెళ్ళి ఆంధ్రప్రదేశ్ అని నొక్కితే తెలుగు వాక్యాలు వచ్చాయి. అంటే ఆమె తెలుగును ఆ అధ్యయనం వినాలంటే ముందు తన ఊరి గురించి ఒక అబద్ధం చెప్పాలి. అధ్యయనం చేసినవారి దురుద్దేశం ఇందులో ఏమీ లేదు. రాష్ట్రాన్ని బట్టి భాష తెలిసిపోతుందని వారు అనుకున్నారు. ఆ అనుకోవడానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

మరొక సంగతి కూడా జరిగింది. ఒక వాక్యం చూపించి అది సహజంగా ఉందో లేదో చెప్పమన్నారు. ఆ వాక్యంలో 'రాడంట' అన్న మాట ఉంది. మా అత్తగారు క్షణం ఆలోచించి 'సహజంగా లేదు' అని నొక్కింది. అదేమిటని అడిగితే, "పుస్తకంలో 'రాడట' అని కదరా ఉంటుంది" అంది. అంతకు పది నిమిషాల ముందే పక్కింటావిడతో, "మావాడు ఈ పూట భోజనానికి రాడంటండీ" అని చెప్పిన మనిషి ఆమె.

ఈ రెండు సంగతులూ రెండు వేరువేరు సమస్యలు. మొదటిది ఎవరిని అడుగుతున్నారన్నది. రెండోది అడిగినప్పుడు మనం ఎవరి తెలుగులో జవాబు చెబుతున్నామన్నది. తెలుగు భాషాపరిశోధన చరిత్ర పొడుగునా ఈ రెండూ కలిసే నడిచాయి.

గీతకు అవతల ఒక ఊరు

యానాం సంగతి తెలియని విద్యార్థుల కోసం కొంత నేపథ్యం చెప్పాలి. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట ఉన్న ఈ ప్రాంతంలో ఫ్రెంచివారు 18వ శతాబ్ది తొలి దశకాల్లో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. తరవాత అది కొన్నిసార్లు ఆంగ్లేయుల చేతికి పోయి తిరిగివచ్చింది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఫ్రెంచివారికి స్థిరపడింది. యానాం పట్టణం, దాన్ని ఆనుకున్న కనకాలపేట, మెట్టకూరు, కురసాంపేట, అడవిపొలం వంటి గ్రామాలు కలిపి విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడివారు 55,626 మంది. చుట్టూ ఉన్నది ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లా. 2022లో ఆ జిల్లాను విడదీశాక కాకినాడ, కోనసీమ జిల్లాలు. పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

1954 జూన్‌లో యానాంలో ఫ్రెంచి పాలనకు వ్యతిరేకంగా తిరుగుబాటు జరిగింది. అదే సంవత్సరం నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారతదేశానికి బదిలీ అయింది. 1956 మేలో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తయింది. ఆ ఒప్పందంలో ఒక విశేషం ఉంది. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేవరకు ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందని అందులో రాసుకున్నారు. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా చెబుతూ, యానాంలో తెలుగును, మాహేలో మలయాళాన్ని వాడుకునే వీలు కల్పించింది. కనకాలపేటలో పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషి ఇంట్లో తెలుగు, తాతగారి పాత కాగితాల్లో ఫ్రెంచి, రాజధాని నుంచి వచ్చే ఉత్తర్వుల్లో ఇంగ్లీషు, తమిళం చూసి ఉంటాడంటే ఆశ్చర్యం లేదు.

అయినా ఇంటి తెలుగు మాత్రం గీతకు ఇవతలా అవతలా ఒకటే. గీత మారిస్తే చట్టం మారేది. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చాక, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేయదలచినవారు యానాంలోకి వచ్చి చేసుకుని వెళ్ళేవారు. పెళ్ళికి అడ్డు వచ్చిన గీత మాటకు ఎప్పుడూ అడ్డు రాలేదు. నటశిక్షకుడుగా పేరుపొందిన దేవదాస్ కనకాల 1945లో ఈ కనకాలపేటలోనే, అంటే ఫ్రెంచి ఇండియాలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివి, హైదరాబాదులో ఎందరో తెలుగు నటులను తయారుచేశారు. తెలుగు ఎలా పలకాలో నేర్పిన ఆయన పుట్టుక నాటికి ఆ ఊరు బ్రిటిషు ఇండియా పటంలో లేదు.

సర్వే విన్న తెలుగు

భారతదేశ భాషలను ప్రభుత్వం తరఫున ఒక పద్ధతి ప్రకారం పరిశీలించిన మొదటి పెద్ద ప్రయత్నం జార్జి గ్రియర్సన్ నాయకత్వంలో 1894లో మొదలైంది. దాని సంపుటాలు 1903 నుంచి 1928 వరకు వెలువడ్డాయి. బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథను స్థానిక భాషలోకి మార్పించి తెప్పించుకోవడం దాని పద్ధతుల్లో ముఖ్యమైనది. అందరూ ఒకే కథ చెబితే పోల్చి చూడడం తేలిక. అయితే చాలాచోట్ల ఆ నమూనాలు జిల్లా అధికారుల ద్వారా వచ్చాయి. చెప్పిన మనిషికీ అచ్చయిన పేజీకీ మధ్య ఒక కచేరీ ఉంది.

మనకు అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ సర్వే మద్రాసు రాజధానిలో, హైదరాబాద్ సంస్థానంలో, మైసూరులో జరగలేదు. అంటే తెలుగువారిలో అత్యధికులు ఉన్న ప్రాంతాలన్నీ దాని పరిధికి వెలుపలే. ఫ్రెంచివారి యానాం సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా ద్రావిడ భాషలకు కేటాయించిన నాలుగో సంపుటం, 1906లో స్టెన్ కోనో సిద్ధం చేసినది, తెలుగును వదిలిపెట్టలేదు. మరి అందులో వినిపించిన తెలుగు ఎవరిది? బొంబాయి రాజధానిలో, మధ్యపరగణాల్లో, బేరారులో స్థిరపడినవారిది. వడరి, కామాఠీ, గోలరి, సాలేవారి అన్న పేర్లతో అందులో కనిపించేవి రాళ్ళు కొట్టేవారి, కూలిపని చేసేవారి, పశువులు కాచుకునేవారి, నేతపనివారి తెలుగులు.

ఈ సంగతి రాష్ట్రం వెలుపలి విద్యార్థులు గుర్తుంచుకోదగినది. తెలుగు గురించిన తొలి ప్రభుత్వ సర్వే విన్నది గుంటూరు, కృష్ణా మండలాల శిష్టుల మాట కాదు. పొట్టచేత పట్టుకుని మరాఠీ నాటికి వెళ్ళినవారి మాట. అది ఎవరో ఉద్దేశపూర్వకంగా చేసిన మర్యాద కాదు. పాలనా సరిహద్దు ఎటు గీస్తే పరిశోధన అటే వెళ్ళింది, అంతే. గీత కలిసివచ్చినప్పుడు అంచున ఉన్నవారి మాట గ్రంథానికి ఎక్కింది, కలిసిరానప్పుడు నడిబొడ్డున ఉన్నవారి మాటే జారిపోయింది.

పేరు పెట్టడంలోనూ ఇదే తీరు. 19వ శతాబ్దిలో కోరంగి రేవునుంచి ఓడ ఎక్కినవారిని బర్మాలో కోరంగీలన్నారు. బూర్బోన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, 1828లో యానాం నుంచి తీసుకుపోయిన కూలీలు తెలింగలుగా నమోదయ్యారు. మారిషస్ జనాభా లెక్కల్లో ఇంట్లో మాట్లాడే భాష ఏదని ఒక ప్రశ్న, పూర్వికుల భాష ఏదని మరొక ప్రశ్న విడివిడిగా అడిగారు. ఆ ఒక్క విభజన వల్లనే, ఇంట్లో క్రియోల్ మాట్లాడుతూ తెలుగును తనదనుకునే మనిషి ఆ లెక్కల్లో కనిపించాడు. ఒకే ప్రశ్న ఉన్న పత్రంలో అతడు లేడు. ప్రశ్న ఎలా వేస్తే భాష అలా కనిపిస్తుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అర్థమయిందా అని అడిగినవారు

మాటలు సేకరించడం ఒక పని. మనిషికి ఏ తెలుగు అర్థమవుతుంది, ఏది కాదు అని అడగడం వేరొక పని. రెండో ప్రశ్న మన దగ్గర పండితుల వివాదంగా మొదలైంది. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారుల్లో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, బడిలో నేర్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత దూరం ఎందుకని ప్రశ్నించాడు. ఆ ప్రశ్న విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారిని, విజయనగరంలో గురజాడను, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిని కదిలించింది. తరవాతి కథ విద్యార్థులకు తెలిసినదే. 1913లో గిడుగువారి ఆధునికాంధ్ర విజ్ఞాపన పత్రం, 1914లో గురజాడ అసమ్మతి పత్రం వెలువడ్డాయి. ప్రభుత్వం అప్పటికి గ్రాంథికవాదుల వైపే మొగ్గింది.

ఆ వివాదాన్ని మనం సాధారణంగా రచనకు సంబంధించినదిగా చూస్తాం. అది అవగాహనకు కూడా సంబంధించినది. చదువుకున్నవారు సైతం తప్పులు లేకుండా రాయలేని భాషలో పిల్లవాడు ఆలోచించి రాయగలడా అన్నది గిడుగువారి వాదంలో కీలకం. ఆయన అందుకు సాక్ష్యాలు పోగుచేశారు. గ్రాంథికవాదుల రచనల్లోంచే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలు ఏరి చూపించారు. వారు చెప్పే నియమాన్ని పక్కన పెట్టి, వారి కలం నిజంగా ఏం చేస్తున్నదో చూశారు. నేటి భాషాశాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. 'నేను ఇలా మాట్లాడతాను' అని మనిషి చెప్పేదానికీ, అతడు నిజంగా మాట్లాడేదానికీ తేడా ఉంటుందని వారు ముందుగానే లెక్కవేసుకుంటారు.

గిడుగువారి రెండో పని ఇంకా విలువైనది. సవర నేర్చుకోవడానికి ఆయన సవరలను తన ఇంట పెట్టుకుని వారివద్ద శిష్యుడుగా కూర్చున్నారు. 1931లో వచ్చిన సవర వ్యాకరణ గ్రంథం, 1938లో వచ్చిన సవర-ఇంగ్లీషు కోశం ఆ శిష్యరికం ఫలితాలు. చెప్పే మనిషిని గురువుగా చూసిన పరిశోధకుడికి, నమూనాగా చూసిన పరిశోధకుడికి దొరికే భాష ఒకటి కాదు. గురువును మధ్యలో ఆపి 'ఇది తప్పు కదా' అనలేం.

రైతు దగ్గరికి వెళ్ళిన ప్రశ్నావళి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తిపదకోశం మన చరిత్రలో మరొక మలుపు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మొదటి సంపుటం 1962లో, చేనేత పదాలతో రెండోది 1971లో వెలువడ్డాయి. పరిశోధకులు ప్రశ్నావళి పట్టుకుని రైతు దగ్గరికి, సాలె దగ్గరికి వెళ్ళారు. పనిముట్టును చూపించి 'దీన్ని మీరేమంటారు?' అని అడిగితే వచ్చే జవాబులో పుస్తకాల తెలుగు చొరబడే అవకాశం తక్కువ. ఒకరు నాగలి అన్నదాన్ని మరొకరు మడక అంటారు. గోదావరి జిల్లాల్లో ఆకుమడి పోసి ఊడ్పు ఊడ్చితే, తెలంగాణలో నారు పోసి నాటు వేస్తారు. ఏదీ తప్పు కాదు. ఏ ఊళ్ళో ఏది అన్నదే ప్రశ్న.

ఈ పద్ధతి గొప్పతనం ఒక చిన్న మాటలో ఉంది. 'మీరేమంటారు' అని అడిగారు, 'ఏమనాలి' అని అడగలేదు. మా అత్తగారికి ఫోనులో కనిపించిన ప్రశ్న కూడా ఆ మొదటి రకంగానే ఉద్దేశించినది. ఆమె దాన్ని రెండోదిగా అర్థం చేసుకుంది. బడిలో పదేళ్ళపాటు రెండో రకం ప్రశ్నకే జవాబు చెప్పి అలవాటు పడినవారం మనమందరం కూడా అలాగే అర్థం చేసుకుంటాం.

కాని ఈ సర్వేకు కూడా ఒక గీత ఉంది. రాష్ట్ర అకాడమీ పని గనక రాష్ట్రపు జిల్లాలే దాని క్షేత్రం. ఆ జిల్లాల పట్టికలో యానాం పేరు ఉండేది కాదు. హోసూరు, బరంపురం, బళ్ళారి తెలుగులదీ అదే పరిస్థితి. కనకాలపేట రైతు తూర్పు గోదావరి రైతు పక్క పొలంలోనే ఊడ్చినా కాగితం మీద వేరే లోకంలో ఉన్నాడు.

రెండు భాషల మనిషి

ఇంతవరకు చెప్పినవన్నీ మాట ఏమిటన్న ప్రశ్నలు. మనసులో భాష ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు తెలుగువారి జవాబు ప్రపంచమంతా విన్న సందర్భం ఒకటి ఉంది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, సహపరిశోధకులు మతిమరపు వ్యాధికి చికిత్స కోసం వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారితో పోలిస్తే వీరిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది.

ఇటువంటి అధ్యయనాలు అంతకుముందు కెనడా వంటి దేశాల్లో జరిగాయి. అక్కడ రెండు భాషలు వచ్చినవారిలో చాలామంది వలస వచ్చినవారు. తేడాకు కారణం రెండో భాషా, వలస జీవితమా అన్నది విడదీయడం కష్టం. హైదరాబాదులో ఇల్లు కదలకుండానే తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవారు ఉన్నారు. అందువల్ల ఆ చిక్కు చాలావరకు తొలగింది. రెండు భాషలు వస్తే వ్యాధి రాదని దీని అర్థం కాదు. ఈ విషయం మీద చర్చ ఇంకా నడుస్తోంది. కాని 'మీరు ఏయే భాషలు, ఎవరితో, ఎప్పటినుంచి మాట్లాడుతున్నారు' అన్న ప్రశ్నకు ఆ రోగులూ వారి కుటుంబసభ్యులూ నిజాయితీగా జవాబు చెప్పకపోయి ఉంటే ఈ ఫలితం లేదు. మాతృభాష అన్న ఒక్క గడి నింపి వదిలేస్తే ఆ తేడా కనిపించేదే కాదు.

తెర మీది వాక్యం

ఇక నేటి ఆన్‌లైన్ అధ్యయనాల విషయానికి వద్దాం. ఇవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటి రకంలో తెర మీద ఒక అక్షరాల వరస కనిపిస్తుంది. అది తెలుగు మాట అవునో కాదో మీట నొక్కి చెప్పాలి. జవాబుతోపాటు దానికి పట్టిన కాలాన్ని సెకనులో వెయ్యోవంతు లెక్కన కొలుస్తారు. రెండో రకంలో వాక్యం ఒక్కొక్క మాటగా వస్తుంది. మీట నొక్కితే తరవాతి మాట. ఏ మాట దగ్గర పాఠకుడు ఆగాడో దాన్ని బట్టి ఎక్కడ అర్థం చిక్కుపడిందో ఊహిస్తారు. మూడో రకం వాక్యం సహజంగా ఉందో లేదో అంకె వేసి చెప్పడం. ఒకప్పుడు ఇందుకు ప్రయోగశాలకు పోవలసి వచ్చేది. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికినా, అది చేతిఫోనులో అందరికీ సాఫీగా కనిపించడానికి మరో ఇరవయ్యేళ్ళు పట్టింది. ఇప్పుడు కనకాలపేట అరుగు మీద కూర్చుని కూడా జవాబు చెప్పవచ్చు.

ఒక తెలుగు మనిషి జవాబు వల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది అని అడిగేవారికి ఒక పాత ప్రయోగం చెప్పాలి. 'మేడ మీద ఉన్న నటి పనిమనిషి' అంటే మేడ మీద ఉన్నది నటా, పనిమనిషా? రెండు అర్థాలూ కుదురుతాయి. ఇటువంటి వాక్యాల్లో ఇంగ్లీషు పాఠకులు నటి వైపు మొగ్గుతారని తేలింది. మనిషి మెదడు దగ్గరి మాటకే అర్థాన్ని ముడిపెడుతుందని, అది అన్ని భాషలకూ చెల్లే సూత్రమని అప్పటికి అనుకునేవారు. 1988లో కువేటోస్, మిచెల్ అన్న పరిశోధకులు ఇదే ప్రశ్న స్పానిషు పాఠకులను అడిగారు. వారు పనిమనిషి వైపు మొగ్గారు. సార్వత్రికం అనుకున్న సూత్రం ఒక్క భాష వారిని అడిగేసరికి సందేహంలో పడింది. తెలుగులో విశేషణ వాక్యం నామానికి ముందే వస్తుంది. చదివేవాడికి పనిమనిషి కంటే ముందు నటి ఎదురవుతుంది. కాబట్టి మన జవాబు ఆ రెండింటికీ నకలు కానక్కరలేదు.

ఇటువంటి ప్రశ్నలు ఎన్ని భాషలవారిని అడిగారన్నది చూస్తే పరిస్థితి తెలుస్తుంది. మనసులో వాక్యం ఎలా తయారవుతుంది అన్న విషయం మీద అప్పటివరకు జరిగిన ప్రయోగాలు ప్రపంచంలోని వేలాది భాషల్లో సుమారు ముప్పయి భాషలకే పరిమితమని జేగర్, నార్క్లిఫ్ 2009లో లెక్కవేశారు. మనిషి మనసు గురించి చెబుతున్న సూత్రాలకు ఆధారం ఎక్కువగా పాశ్చాత్య దేశాల కళాశాల విద్యార్థులేనని 2010లో హెన్రిక్, సహరచయితలు విమర్శించారు. ఇంగ్లీషు మీద మితిమీరి ఆధారపడడం ఈ శాస్త్రానికే చేటని 2022లో మరికొందరు రాశారు. 2011 లెక్కల ప్రకారం భారతదేశంలోనే 8 కోట్ల 11 లక్షల మంది తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. వాడేవారి సంఖ్య వల్ల మాత్రమే ఒక భాష శాస్త్రంలోకి రాదు. దాని మీద ప్రశ్న వేసేవారు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఇద్దరూ ఉంటేనే వస్తుంది.

విద్యార్థులు చేయవలసింది

పై చరిత్రను బట్టి, ఇటువంటి అధ్యయనాల్లో పాల్గొనే విద్యార్థులు కొన్ని విషయాలు మనసులో పెట్టుకోవాలి.

మొదటిది, ఎవరు అడుగుతున్నారో చూసుకోవాలి. అధ్యయనం ఏ సంస్థది, జవాబులు ఎక్కడ దాస్తారు, పేరు అడుగుతున్నారా, మధ్యలో మానుకోవచ్చునా అన్నవి మొదటి పేజీలోనే చెప్పి మన సమ్మతి తీసుకోవాలి. గ్రియర్సన్ కాలంలో కథ చెప్పిన మనిషిని ఎవరూ సమ్మతి అడగలేదు. నేడు అది పరిశోధకుడి విధి. చెప్పకపోతే పాల్గొనవద్దు.

రెండోది, ఊరినీ భాషలనూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. మధురలో పుట్టి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు అయితే అలాగే రాయాలి. తెలుగు చదవడం రాదు, వింటే తెలుస్తుంది అన్నది కూడా సిగ్గుపడవలసిన జవాబు కాదు, అదొక విలువైన సమాచారం. పత్రంలో మీకు చోటు లేకపోతే దొరికిన గడిలో ఇరుక్కోకుండా పరిశోధకులకు ఒక ఉత్తరం రాయండి.

మూడోది, పరీక్ష రాస్తున్నట్టు రాయవద్దు. సహజంగా ఉందా అని అడిగితే మీ అమ్మగారు అలా అంటారా, మీ స్నేహితుడు అలా అంటాడా అని ఆలోచించండి. మాస్టారు ఎన్ని మార్కులు వేస్తారని ఆలోచించవద్దు. తెలుగునాటికి వెలుపల ఉన్నవారికి ఈ భయం మరీ ఎక్కువ. తమ తెలుగు కల్తీ అయిందని, అసలు తెలుగు గోదావరి గట్టున ఉందని అనుకుంటారు. ఆ గట్టున ఉన్న మా అత్తగారు అసలు తెలుగు పుస్తకంలో ఉందనుకుంది.

మేము తిరిగి యానాం బస్సు కోసం నిలబడినప్పుడు ఆమెకు ఈ సంగతంతా క్లుప్తంగా చెప్పాను. "అయితే 'రాడంట' అన్నదే రైటంటావా?" అంది. రైటు, తప్పు అని కాదు, నువ్వు ఏమంటావో అదే కావాలన్నాను. "ఆయ్, అలాగైతే మళ్ళీ తియ్యి, మార్చి నొక్కుతాను" అంది. ఆ అధ్యయనంలో ఒకసారి ఇచ్చిన జవాబు మార్చే వీలు లేదు. అందువల్ల దాన్ని చేసినవారికి ఆ రాత్రి ఒక వీలైన పని నేను చేశాను. రాష్ట్రాల పట్టికలో పుదుచ్చేరి ఎంచుకున్నా తెలుగు కోరుకునే వీలు కల్పించమని, కనకాలపేట అనే ఊరు ఒకటి ఉందని ఉత్తరం రాశాను.